గళ్ళ లుంగీ దొర మేజోళ్ళు

ఆ రోజుల్లో నా నోటికి "రాదు" అన్న మాట వచ్చేది కాదు. ఇరవై ఏళ్ళ వయసు, రెండు జడలు, ఎవరేం అడిగినా సగం మాట దగ్గరే "వచ్చు" అనేసే తొందర. పక్కింటివాళ్ళ కుట్టుమిషను మొరాయిస్తే నేనే విప్పాను. తిరిగి బిగించాక రెండు మరలు మిగిలితే, "ఇవి ఎక్కువ పెట్టారు, అందుకే ఆగిపోయింది" అని చెప్పి వచ్చేశాను. మా సందు చివర గంజాం వాళ్ళ కుటుంబం ఒకటి ఉండేది. ఆ ఇంటి పెద్దావిడ "ఒడియా వచ్చా?" అని అడిగితే వచ్చన్నాను. ఆవిడ గంటసేపు మాట్లాడింది, నేను గంటసేపు తలూపాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ తన చిలకని పంజరంతో సహా తెచ్చి మా గుమ్మంలో పెట్టి ఊరెళ్ళిపోయింది. ఇరవై రోజులు చూసుకుంటానని నేను ఒప్పుకున్నానట. (చిలక మాత్రం శుభ్రమైన ఒడియా మాట్లాడేది. ఆ ఇరవై రోజుల్లో నాకు నిజంగానే నాలుగు ముక్కలు వచ్చాయి.) దీన్నంతా నేను ధైర్యం అనుకునేదాన్ని. మా మామ్మ మాత్రం "ఈ గుంటకి బుర్రకంటే ముందు నోరు పుట్టీసినాదర్రా" అనేది.

మా ఇల్లు బర్మాలో, యాంగోన్ ఊళ్ళోని చిమిండైంగ్ పేటలో, ఏటి ఒడ్డు బజారుకి వెనక సందులో. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. తాతదీ అదే పని. నాన్న దగ్గరికి వచ్చేసరికి మూటలు పోయి టాక్సీ వచ్చింది. మామ్మకి యాంగోన్ చివరిదాకా "రంగమే". నేను పదో తరగతితో చదువు ఆపి, ఊరి అవతలి కొసన లైంగ్‌థార్యార్‌లో ఒక స్వెట్టర్ల ఫ్యాక్టరీలో రెండేళ్ళు పనిచేశాను. నా పని మెడపట్టీని స్వెట్టరు ఒంటికి కలపడం. పొద్దున్నించి సాయంత్రం దాకా మెడలు, మెడలు, మెడలు. చేతులూ వీపులూ ఎవరు అల్లుతారో కూడా తెలిసేది కాదు. పైగా వెళ్ళి రావడానికి బస్సులో మూడు గంటలు, అదీ ఒంటికాలి మీద. అంచేత మా పక్కపేట సంచౌంగ్‌లో ఒక చిన్న ఊలు కొట్లో మనిషి కావాలని తెలియగానే మెడల్ని వాటి ఖర్మకి వదిలేసి వచ్చేశాను.

ఇంత ఉక్కపోత ఊళ్ళో ఊలు కొట్టా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. షాన్ కొండలకి వెళ్ళేవాళ్ళకి స్వెట్టర్లు, పుట్టబోయే పిల్లలకి టోపీలు, అన్నిటికంటే ఎక్కువగా చలికాలంలో భిక్షువులకి దానమిచ్చే గోధుమరంగు టోపీలు, వీటి మీదే ఆ కొట్టు నడిచేది. యజమానురాలిని అందరూ "సయామ" అనేవారు, అంటే పంతులమ్మ అని. అరవై ఏళ్ళ బర్మా ఆవిడ. సన్నగా, నిటారుగా, చేతిలో సూదులకి తోబుట్టువులా ఉండేది. రోజుకి ఇరవై మాటలు మాట్లాడితే గొప్ప. నేనేమో ఏ పని చెప్పినా "యబాదే" అనేదాన్ని. "అయిపోతుంది, ఏం ఫర్వాలేదు" అనడానికి అక్కడ అందరూ అనే మాట అది. వారం తిరక్కుండానే సయామ నాకు "మ యబాదే" అని పేరు పెట్టేసింది. ("మ" అనేది ఆడపిల్లల పేరుకి ముందు పెట్టే మర్యాద. ఆ పేరులో ఉన్న మర్యాద అంతవరకే.)

వానాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. బయట మా చెప్పుల పక్కన పడవలంత బూట్లు విప్పి, గుమ్మం ఎత్తు చాలక తల వంచి లోపలికొచ్చాడు. స్కాట్లాండు మనిషి. దగ్గర్లోనే ఒక ఇంగ్లీషు స్కూల్లో మాస్టారు. నాలుగేళ్ళుగా యాంగోన్‌లో ఉన్నాడు, బర్మా భాష మాట్లాడతాడు. (అది నా ఒడియాకి అన్న లాంటిది. తప్పులు ఎక్కువ, భయం తక్కువ. అందుకే నాకు ఆయన చూడగానే నచ్చాడు.) సంచీలోంచి ఒక పొడుగాటి మేజోడు తీసి బల్ల మీద పరిచాడు. మోకాలి కింద పట్టీ నుంచి చీలమండ దాకా ఉంది, పాదం లేదు. ఎలకలు తినేశాయట. రెండోదాన్ని పూర్తిగానే తినేశాయట. మిగిలిన ఆ ముక్క మీద, పేకముక్కల్లో డైమండు గుర్తులా, ఆకుపచ్చ, నీలం, తెలుపు గళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు నిలబడి ఉన్నాయి. నేను అప్పటిదాకా అంత అందమైన అల్లిక చూడలేదు.

తర్వాత ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. అందులో ఆయన గళ్ళ లుంగీ ఒకటి మోకాళ్ళ దాకా కట్టుకుని, కింద ఈ మేజోళ్ళు వేసుకుని నవ్వుతూ నిలబడ్డాడు. దాన్ని వాళ్ళు కిల్టు అంటారట. మగాళ్ళంతా లుంగీ కట్టే ఊరు కదా మాది, మాకు అందులో వింతేం కనిపించలేదు. సయామ మాత్రం ఫొటోని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "ముడి ఏది?" అంది. ముడి ఉండదు, పక్కన పట్టీ బిగిస్తాం అన్నాడాయన. సయామ చాలా జాలిపడింది.

విషయం ఏమిటంటే ఆయనకి పెళ్ళి. అమ్మాయి అదే స్కూల్లో పంతులమ్మ, సంచౌంగ్ పిల్లే. భిక్షువుల వర్షావాసం, మన చాతుర్మాస్యం లాంటిది, ముగిసేదాకా అక్కడ పెళ్ళిళ్ళు చేయరు గనక ఇంకా రెండు నెలల పైనే ఉంది. ఆ అమ్మాయి తాతగారు, "మా బట్టలు అరువు తెచ్చుకోవద్దు, నీ దేశం బట్టల్లో రా" అని కోరాడట. స్కాట్లాండు నుంచి ఈయన అమ్మ కూడా వస్తోంది. పాత మేజోళ్ళు వాళ్ళ అమ్మమ్మ అల్లినవి. ఆవిడ పోయింది. అల్లగా మిగిలిన ఊలుని వాళ్ళమ్మ దాచి, మొన్న పంపించింది. ఆయన సంచీ బోర్లించాడు. మూడు రంగుల్లో ఆరు ఉండలు దొర్లాయి. "ఈ ఊలే కావాలి. చేయగలరా?" అన్నాడు. సయామ ఇంకా ఊపిరి తీసుకుంటూ ఉంది. నేను, "యబాదే!" అన్నాను.

సయామ నా చేతికి టేపు ఇచ్చింది. ఆయన బల్ల మీద కాలు పెట్టబోయి, మనుషుల వైపు కాలు చాపడం ఇక్కడ తప్పని గుర్తొచ్చి, ఎర్రబడి దించేశాడు. నేనూ ఎర్రబడ్డాను. పరాయి మగాడి పిక్క చుట్టూ నేను టేపు తిప్పడమా! చిమిండైంగ్‌లో తెలిస్తే ఇంకేమైనా ఉందా! కానీ సిగ్గుపడుతున్నానని ఒప్పుకోవడం నా అలవాటు కాదు. "కొలత అక్కర్లేదు, కంటితోనే చూసేశాను" అన్నాను గంభీరంగా. సయామ నా వైపు ఒక వరస అల్లేటంతసేపు చూసి, "కాలు కంట్లో పట్టదు, మ యబాదే" అంది. ఆయన ముందు అంతకంటే ఏమీ అనలేదు. ఆ సాయంత్రమైనా టేపు పట్టుకుని ఆయన స్కూలుకి వెళ్తానని ఆవిడ అనుకుంది. నేను టేపు పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

నాన్న టాక్సీ దిగి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"నాన్నా, ఓ కాలిలాగియ్యి."

"ఏటే? ఏటి సేత్తావు నా కాలు?"

"కొలుత్తాను. దొరకి మేజోళ్ళల్లాల."

మామ్మ మంచం మీంచి లేచింది. "దొరకి మేజోళ్ళయితే ఈడి కాలెందుకే కొలవడం? దొర కాలూ ఈడి కాలూ ఒకలాగుంతాయేటే?"

"కాలంటే కాలే మామ్మా. ఎవలికైనా మోకాలి కిందే ఉంతాది."

"అయినా ఆ దొరకి గళ్ళ లుంగీ ఉందన్నావు గదే, మరి మేజోళ్ళెందుకు?"

"ఆ లుంగీ మోకాలి దాకే ఉంతాది మామ్మా."

మామ్మ బుగ్గన చెయ్యేసుకుని, "గుడ్డ సాలనేదేటో, పాపం" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన పేరు గళ్ళ లుంగీ దొర.

నాన్న పిక్క చుట్టుకొలత పన్నెండంగుళాలు. నేను అంత తెలివితక్కువదాన్ని కాను. దొర కాబట్టి ఒక అంగుళం కలిపాను.

ఇక అల్లిక. ఆ గళ్ళ రహస్యం ఏమిటంటే, ఒక్కో గడికీ దాని దారం దానిదే. ఒకేసారి పది పదిహేను దారాలు వేలాడుతుంటాయి, ఒక రంగు ఆగిన చోట రెండోది దాన్ని మెలేసి అందుకోవాలి. ఆ దారాలు చిక్కుపడకుండా ఉండడానికి నేను గొప్ప ఉపాయం కనిపెట్టాను. ప్రతి గడికీ ఎంత పడుతుందో లెక్కకట్టి, ఉండల్ని ముందే ముక్కలు ముక్కలుగా కోసేసి, టీ పొట్లాల అట్టలకి చుట్టేశాను. మూడు వారాల్లో జత పూర్తయింది. నా చేతివేగం చూసి నేనే ముచ్చటపడ్డాను. అల్లుతున్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం నాన్న కాలికి తొడిగి చూసేదాన్ని. పాపం ఆయన లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి, అరుగు మీద అటూ ఇటూ నడిచేవాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు. నాలుగు రోజులయ్యాక సందులో జనం చేరడం మొదలయ్యేసరికి, ఎవరూ అడక్కుండానే వెనక్కి తిరిగి పిక్క కూడా చూపించేవాడు. "మావోడి కాలికి ఈ ఊళ్ళో సాటి నేదు" అని మామ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. గంజాం పెద్దావిడ కూడా వచ్చి ఏదో అంది. మెచ్చుకుందనే నేను తలూపాను.

తొడిగి చూడ్డానికి ఆయన్ని కొట్టుకి రమ్మన్నాం. నేను ఆ రోజు కొత్త లోంజీ, అంటే అక్కడి ఆడవాళ్ళ లుంగీ, కట్టుకుని, తల్లో పూలు కూడా పెట్టుకుని వెళ్ళాను. ఆయన స్టూలు మీద కూర్చుని, మేజోడుని అటూ ఇటూ తిప్పి, "అబ్బ!" అన్నాడు. కళ్ళు మెరిశాయి. పాదం ఎక్కింది. చీలమండ దాటింది. పిక్క మొదట్లో ఆగింది. ఆయన లాగాడు. నేను లాగాను. సయామ లాగలేదు, చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన పిక్కలంటే పిక్కలు కావు, అరటిబోదెలు. కొండల దేశంలో చిన్నప్పటి నుంచి ఎక్కీ దిగీ పెంచుకున్నవి. మా నాన్నవేమో క్లచ్చి తొక్కి పెంచుకున్నవి. పోనీ పై పట్టీ అయినా మడిచి చూద్దామని మడిచాడు. అప్పుడు రెండో సంగతి బయటపడింది. ఆ పట్టీ కాలి మీద బయటికి మడత పడుతుంది. మడిస్తే లోపలి పక్క పైకి వస్తుంది. కాబట్టి పట్టీ అయ్యాక అల్లిక తిరగేసి, మిగతా కాలు అల్లాలి. నేను తిరగెయ్యలేదు. నాన్న కాలికి తొడిగినప్పుడు ఒక్కసారీ మడిచి చూడలేదు. మడిచిన పట్టీ మీద ముళ్ళూ, దారం తోకలూ, చెత్త అంతా వరసగా నిలబడి మమ్మల్ని చూసింది. రెండేళ్ళు మెడపట్టీలు తప్ప మరో పని చేయని మనిషిని నేను!

"ఇది వానలకి ముడుచుకుపోయింది" అన్నాను.

ఆయన నమ్మాడు. అదీ ఘోరం. "అవునవును, నా పుస్తకాలు కూడా వానకి పాడైపోయాయి" అని, నన్నే ఓదార్చి, ఆ మేజోళ్ళు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు. తెరిచిన గొడుగు గుమ్మానికి తగిలి వంగింది. దాన్ని సరిచేసుకుంటూ వెళ్తుంటే వెనక నుంచి చూస్తూ నిలబడ్డాను.

సయామ ఆ రోజు తన ఇరవై మాటలూ ఒకేసారి వాడేసింది. "ఫ్యాక్టరీ ఊలు అయితే బజారుకి వెళ్ళి ఇంకో ఉండ తెచ్చుకుంటావు. ఇది పోయిన మనిషి కొన్న ఊలు. నువ్వు ముక్కలు చేశావు. ఆవిడ మళ్ళీ వెళ్ళి కొనుక్కురాదు. రేపు టేపు పట్టుకుని వెళ్ళు. నిజం కూడా పట్టుకెళ్ళు."

ఆ సాయంత్రం నాన్న అలవాటుగా లుంగీ ఎత్తి కట్టుకుని, "ఏటే, ఇయాల తొడగవేటి?" అన్నాడు. ఇంక తొడగడం ఉండదని చెప్పి ఏడ్చాను. మామ్మ నా తల మీద చెయ్యేసింది. దెప్పుతుందనుకున్నాను. "ఎల్లి సెప్పీ. నోరుంది గదే, మరెందుకది?" అంది. అంతే.

మర్నాడు స్కూలు వరండాలో ఆయనకి చెప్పాను. కొలత తీయలేదని, సిగ్గేసిందని, మా నాన్న కాలికి అల్లానని, వాన తప్పేం లేదని. నేను చెప్పడం అయ్యాక ఆయన లోపలికి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగి వచ్చాడు. ఆ రెండు నిమిషాలూ నాకు ఆ వరండా గోడ మీద బల్లి తోక కదలడం తప్ప ఇంకేమీ కనిపించలేదు. తర్వాత అడిగాడు: "మీ నాన్నగారికి సరిపోయాయా?"

"చాలా బాగా సరిపోయాయండి."

అప్పుడు నవ్వాడు. నవ్వి, మెట్టు మీద కాలు పెట్టి, ప్యాంటు మడిచి, టేపు ఒక కొస తనే పట్టుకున్నాడు. పిల్లలంతా కిటికీల్లోంచి చూస్తుండగా నేను మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. పిక్క పదిహేడంగుళాలు, చీలమండ పదకొండు, మధ్యలో ప్రతి రెండంగుళాలకీ ఒక కొలత. (సిగ్గు మొదటి కొలతకే పోయింది. పదోదానికి వచ్చేసరికి "కదలకండి" అని కసురుతున్నాను.)

అల్లినదంతా విప్పాం. సయామ ఆ ముక్కల్ని తడిపి ఆరబెట్టించి, రెండు కొసలు పక్కపక్కన పెట్టి, వాటి మీద నీటిచుక్క వేసి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దింది. చేతులు తీసేసరికి ముడి లేదు, అతుకు లేదు, రెండు దారాలు ఒకటైపోయాయి. నేను నోరు తెరిచాను. "నిజమైన గొర్రె ఊలు ఇలా కలుస్తుంది. నీ ఫ్యాక్టరీ ప్లాస్టిక్కు దారం కలవదు" అంది. తర్వాత ఎన్ని వందల అతుకులు రుద్దానో, అరచేతులు మంటలెత్తాయి. గళ్ళు పెద్దవి చేశాను, పట్టీ అయ్యాక అల్లిక తిరగేశాను, పిక్క దగ్గర వెడల్పు చేసి కిందికి వచ్చేకొద్దీ వెనక పక్క కుట్లు తగ్గించాను. ఈసారి ప్రతి నాలుగంగుళాలకీ ఆయన్ని పిలిపించి తొడిగించాం. పిక్క మీద గళ్ళు చర్మానికి అతుక్కున్నట్టు కూర్చున్నాయి. అంతా బాగుంది. చీలమండ దగ్గరికి వచ్చేసరికి ఊలు అయిపోయింది.

నేను ఊరుకుంటానా? "పాదాలు వేరే ఊలుతో అల్లేద్దాం. బూట్లలో ఎవరు చూస్తారు?" అన్నాను. కొట్లో మందంగా, మెత్తగా, దండిగా ఉన్నది ఒకటే, భిక్షువుల టోపీల గోధుమరంగు ఊలు. ఆయన, "నిజమే, బూట్లలో ఎవరు చూస్తారు!" అని చప్పట్లు కొట్టాడు. సయామ కూడా తలూపింది. ఈ సమావేశం జరిగినప్పుడు మేం ముగ్గురం కొట్లో, చెప్పులూ బూట్లూ గుమ్మం బయట విడిచి, ఒట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాం. ముగ్గురిలో ఒక్కరం కూడా కిందికి చూసుకోలేదు.

పెళ్ళి రోజు పొద్దున పెళ్ళికూతురు ఇంట్లో భిక్షువులకి భోజనం పెట్టారు. సయామనీ నన్నూ పిలిచారు. గళ్ళ లుంగీ దొర వీధి మొగలో కారు దిగాడు. కిల్టు, నల్ల కోటు, నా మేజోళ్ళు, నల్లగా మెరిసే బూట్లు. వీధి వీధంతా బయటికొచ్చింది. పెళ్ళికూతురి తాతగారు మేజోళ్ళ దగ్గర వంగి మరీ చూసి, "ఇది చేతి పనే!" అన్నాడు. నేను నడుం నిటారు చేసి, చుట్టుపక్కల వాళ్ళకి ముఖం కనపడేలా నిలబడ్డాను. ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. వంగాడు. బూట్లు విప్పాడు.

సయామ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

గళ్ళ లుంగీతో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కుదరదు కనక ఆయన భిక్షువుల ముందు చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, పాదాలు వెనక్కి మడిచాడు. అంటే అరికాళ్ళు రెండూ తిన్నగా మా వైపు. ఆకుపచ్చ, నీలం, తెలుపు గళ్ళు చీలమండ దాకా వచ్చి, అక్కడ నుంచి హఠాత్తుగా రెండు గోధుమరంగు భిక్షువు టోపీలు. ఎదురుగా పెద్ద భిక్షువుగారి తల మీద లేదు గానీ, పక్కనున్న ముసలి భిక్షువుగారి తల మీద అదే ఊలు, అదే అల్లిక, మా కొట్టు టోపీయే ఉంది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఆ తలనీ ఈ పాదాలనీ మార్చి మార్చి చూసి, నా చెవిలో గుసగుసగా, "వాళ్ళ దేశంలో పెళ్ళికొడుకు పాదాలకి ఆ రంగు ఉండాలా?" అన్నాడు.

"అవునండి. వాళ్ళ ఆచారం" అన్నాను. (నిజం చెప్పడం నేర్చుకుని అప్పటికి ఆరు వారాలే అయింది. అలవాటు పడాలి కదా.)

ఆయన పక్కాయనకి చెప్పాడు. పక్కాయన భార్యకి చెప్పాడు. మంత్రాలు అయి, భోజనాలు వడ్డించేసరికి, స్కాట్లాండు పెళ్ళికొడుకు ఇంటిని విడిచి భిక్షువుగా వెళ్ళిపోకుండా ముందే పాదాలకి ఆ రంగు తొడుగుతారని ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. నేను చెప్పింది రెండు ముక్కలే. మిగతాది ఎవరు అల్లారో నాకు తెలియదు. చివరికి ఇంగ్లీషు వచ్చిన ఒకావిడ వెళ్ళి, ఇంత గొప్ప ఆచారం ఉన్నందుకు పెళ్ళికొడుకు తల్లిని మెచ్చుకుంది.

ఆ తల్లి పొట్టిగా, తెల్లజుట్టుతో, కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని ఉంది. ఆవిడ కొడుకు పాదాలు చూసింది. ఏదో అడిగింది. ఆయన నన్ను చూపించాడు. ఆవిడ తిన్నగా నా దగ్గరికి వచ్చేసరికి, అంత జనంలో నాకు పారిపోవడానికి దారి లేకపోయింది. ఆవిడ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్ళికొడుకే మధ్యలో కూర్చుని చెప్పాడు.

"ఊలు చాలలేదా, అని అడుగుతోంది."

"చాలలేదండి. నేనే పాడుచేశాను. ముందు మా నాన్న కాలికి అల్లాను" అన్నాను. ఆ కళ్ళజోడు ముందు ఆచారం పనిచేయదని అర్థమైంది.

ఆవిడ తలూపింది. ఆవిడ చెప్పినదాన్ని ఆయన నవ్వాపుకుంటూ తిప్పి చెప్పాడు. "మా అమ్మమ్మ పాదాలకి ఎప్పుడూ ఎర్ర ఊలు వేసేదట. మంచి ఊలు బూట్లలో దండగ అని. ఎలకలు తిన్నవీ ఎరుపే. నేనెప్పుడూ పట్టించుకోలేదు." నేను నోరంతా తెరిచి నవ్వబోతుంటే, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కొడుకు కాలు తన ఒళ్ళోకి లాక్కుని పరీక్ష మొదలుపెట్టింది. గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటింది. అతుకుల కోసం వెతికింది, దొరకలేదు. మడమ తిప్పినచోట ఆగి, గోటితో రెండుసార్లు తట్టి, ఏదో అంది. బాగుందట. తర్వాత పట్టీని కిందికి జార్చి చూపించింది. కాలి చుట్టూ ఎర్రగా చార పడి ఉంది. మొదటి వరస కుట్లు బిగుతుగా వేశానట, రక్తం ఆగిపోతుందట, ఇంకోసారి లావు సూదితో మొదలుపెట్టమంది.

ఇన్ని తప్పులకీ రాని కోపం నాకు అప్పుడొచ్చింది. పట్టీ! నా పట్టీ! రెండేళ్ళు పట్టీలే వేసిన చేతులివి! నేను ముఖం ముడుచుకోవడం ఆవిడ చూసింది. నా చెయ్యి పట్టుకుని, తన రెండు చూపుడువేళ్ళూ సూదుల్లా పెట్టి, గాలిలో లేని ఊలుతో, కుట్టు ఎంత వదులుగా వెయ్యాలో చూపించింది. ఒకసారి కాదు, నాకు వచ్చేదాకా. చుట్టూ పెళ్ళి జరుగుతోంది, ఎవరో మమ్మల్ని ఫొటో తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. పెళ్ళికొడుకు కాలు మధ్యలో, మేమిద్దరం అటూ ఇటూ వేళ్ళు గాలిలో తిప్పుతూ. వెనక సయామ నవ్వుతోంది. ఆవిడ నవ్వుతూ ఉన్న ఫొటో ఆ ఒక్కటేనని సయామ పిల్లలు తర్వాత నా దగ్గర కాపీ తీసుకున్నారు.

ఆ దంపతులు కొన్నేళ్ళకి వేరే ఊరు వెళ్ళిపోయారు. సయామ పోయాక ఆ కొట్టు నేనే నడుపుతున్నాను. ఇప్పుడు నా దగ్గర ముగ్గురు అమ్మాయిలు పనిచేస్తారు. ఎవరు ఏం అడిగినా ముందు "చూద్దాం" అంటాను, రెండుసార్లు కొలుస్తాను, నమూనా ముక్క అల్లి ఉతికి ఆరేసి మరీ చూస్తాను. అల్లినవి సరిపోతాయి. జనం తీసుకుని, బాగుందని చెప్పి వెళ్ళిపోతారు. నాకు మంచి పేరే ఉంది. అయినా ఒక్కోసారి మధ్యాహ్నం పూట, వాన పడుతూ కొట్లో ఎవరూ లేనప్పుడు, ఆ రెండు జడల పిల్ల ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి పని అడిగితే ఏం చేస్తానా అనుకుంటాను. ఒక్క ప్రశ్న అడిగి, సగంలోనే అది "వచ్చు" అనడం విని, నీతో నాకు కుదరదమ్మా అని పంపించేస్తాను. పంపించేసి, అది చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునేలోపు పరిగెత్తుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొస్తాను.